తులానికి తక్కువ తాడు

మారతహళ్లిలో మా గది కిటికీ తెరిస్తే ఔటర్ రింగ్ రోడ్డు కనిపిస్తుంది. బెంగళూరులో పెద్ద నది లేదు. తాగే కావేరి నీళ్లు కూడా దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి పైకి ఎక్కించి తెచ్చినవే. అలాంటి ఊళ్లో కూర్చొని, చలి దేశాల నదుల్లో నడుములోతున నిలబడి చేపలు పట్టేవాళ్ల కోసం రాసిన వ్యాసాల్లో తప్పులు వెతకడం ఏడేళ్లుగా నా ఉద్యోగం.

ఆ క్రీడను ఫ్లై ఫిషింగ్ అంటారు. మన చెరువుల దగ్గర గాలం విసిరితే, కట్టిన సీసపు గుండు తన బరువుతో తాడును లాక్కుపోతుంది. అక్కడ సంగతి వేరు. కొక్కేనికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగులా చేసిన ఎరకు బరువన్నదే ఉండదు. బరువంతా తాడుది. బెత్తం లాంటి పొడవాటి కర్రను వెనక్కీ ముందుకీ ఊపితే తాడు గాలిలో సాగి, ఆ ఈకల పురుగును మెల్లగా నీటి మీద దించుతుంది. ఈ ఒక్క విషయం అర్థం కావడానికి నాకు నెల రోజులు పట్టింది.

వ్యాసాలు రాసేది అక్కడివాళ్లు. లెక్కలు, చేపల పేర్లు, నిబంధనలు, ఫోటోల కింది మాటలు సరిచూసేది మేము. చేరిన కొత్తలో ఒక రాత్రి ఫోన్ సమావేశంలో అవతలి మనిషి, మేము వింటున్నామని తెలియకనో ఏమో, "వాళ్లు నదిని చూసినవాళ్లు కారు కదా" అన్నాడు. అతడు చెప్పింది నిజమే. నిజం కాబట్టే చాలా రోజులు మనసులో మెదిలింది. నేను చూడని నీటి గురించి నేను సరేనన్న మాటను నమ్మి ఒక మనిషి ఆ నీటిలోకి దిగుతాడు. మరి ఏ హక్కుతో సరేనంటున్నాను?

ఆ ప్రశ్నకు నాకు కొంత జవాబు దొరికింది ఈలియన్ దగ్గర. ఈకల ఎరతో చేపలు పట్టడం గురించి స్పష్టంగా రాసిన తొలి మనిషిగా ఆయన్ను చెబుతారు. క్రీ.శ. 200 ప్రాంతంలో రోములో ఉండి గ్రీకులో రాశాడు. మాసిడోనియాలో ఆస్ట్రియస్ అనే నది మీద జాలర్లు కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, పైన కోడిపుంజు మెడ కింది ఈకలు రెండు కడతారనీ, కర్ర ఆరడుగులు, తాడూ అంతేననీ వివరంగా చెప్పాడు. అయితే ఆ వివరణ ఎత్తుకోవడమే "నేను విన్నాను" అని ఎత్తుకున్నాడు. తాను ఇటలీ దాటలేదనీ, ఓడ ఎక్కలేదనీ చెప్పుకునేవాడని ఆయన గురించి మరొకరు రాసి ఉంచారు. ఆయన ఆ నదిని చూడలేదు. విన్నదాన్ని విన్నట్టే రాశాడు. అందుకే 1800 ఏళ్ల తర్వాత కూడా ఆ మాట నిలిచింది. అప్పటి నుంచి నా ముందుకు వచ్చిన ప్రతి వాక్యాన్నీ ముందుగా అదే అడుగుతాను: చూసి చెబుతున్నావా, విని చెబుతున్నావా, విన్నదైతే ఎవరి దగ్గర?

మాది ప్రొద్దుటూరు. నాన్న బంగారు పని చేసేవాడు. తయారైన నగలు అమ్మే పెద్ద అంగళ్లు వచ్చాక కుంపటి ముందు కూర్చునే వాళ్లకు పని తగ్గింది, నేను 2016లో బెంగళూరు బస్సెక్కాను. ఇంటి నుంచి వస్తువులేమీ తెచ్చుకోలేదు కానీ, తూకం పట్టింపు మాత్రం నాతోనే వచ్చింది. నాన్న ఎవరి ముందు తూచినా మొదట ఖాళీ త్రాసు ఎత్తి, రెండు తట్టలూ సమంగా నిలిచాయని వాళ్లకు చూపించేవాడు. ఎంత తొందర ఉన్నా అది మానలేదు.

ఆ పట్టింపు ఒకసారి బాగా పనికివచ్చింది. ఫ్లై ఫిషింగ్ తాళ్లకు బరువును బట్టి అంకెలుంటాయి. తాడు మొదటి 30 అడుగుల బరువు చూసి అంకె వేస్తారు. అయిదో నంబరు తాడుకు ఆ బరువు 140 గ్రెయిన్లు. ఒక వ్యాసంలో అది 140 గ్రాములని వచ్చింది. గ్రెయిన్లకు రాసే పొట్టి గుర్తును ఎవరో గ్రాములనుకున్నారు. నాకంటే ముందు ఇద్దరు చదివి దాటించారు. నేను ఆగిపోవడానికి కారణం నా తెలివి కాదు, చిన్నప్పుడు నాన్న చెప్పిన లెక్క: ఒక గురివింద గింజ దాదాపు 2 గ్రెయిన్ల ఎత్తు, తులం అంటే 180 గ్రెయిన్లు. అంటే 30 అడుగుల తాడు తులం కన్నా తక్కువ తూగాలి. 140 గ్రాములంటే 12 తులాలు! పన్నెండు తులాల బరువును అంత సన్నటి కర్రతో గాలిలో ఊపడం ఎవరి తరం? ఆ రాత్రి పని ముగిశాక ఫోన్ చేసి చెబితే నాన్న మొదట అడిగింది, "తులానికి తక్కువలో 30 అడుగుల తీగ తీశారా నాన్నా?" అని. అది ప్లాస్టిక్ పూత వేసిన తాడని చెప్పినా ఆయన ఆశ్చర్యం తగ్గలేదు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. నీరు 68 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 20 డిగ్రీల సెల్సియస్ దాటితే ట్రౌట్ చేపల జోలికి వెళ్లవద్దంటారు. వెచ్చటి నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, పెనుగులాడి అలసిన చేపను వదిలిపెట్టినా అది కోలుకోకపోవచ్చు. ఆ వ్యాసంలోనే రాత్రి నీరు 10 డిగ్రీలు చల్లబడవచ్చని ఉంది. నేను ఆ 10 ఫారెన్‌హీట్‌ను యాంత్రికంగా మార్చి, మైనస్ 12 సెల్సియస్ అని పెట్టాను. తగ్గుదలను మార్చేటప్పుడు 32 తీసివేయకూడదు, అది సుమారు అయిదున్నర డిగ్రీలు. అచ్చయిపోయింది. మా అధికారి ఎవరూ గమనించలేదు కదా, చప్పుడు చేయకుండా మార్చేయమన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఏది తప్పుగా ఉండింది, ఇప్పుడు ఏది సరి, ఏ తేదీన మార్చాము అన్న మూడూ వ్యాసం కిందే రాయాలని పట్టుబట్టాను. రోజుకు ఇన్ని వ్యాసాలు దాటించావా అని లెక్క అడిగే చోట ఆ మూడు వాక్యాల కోసం రెండు రోజులు వాదించాల్సి వచ్చింది. చివరకు రాశారు. ఆ నెల నా లెక్క తగ్గింది, దానికి నాకు బాధ లేదు.

మిగతా నియమాల మీద పెద్ద గొడవలు రాలేదు. కంపెనీ ఉచితంగా ఇచ్చిన కర్రను పొగిడితే అది ఉచితంగా వచ్చిందని పైనే చెప్పాలి. చేపను పొడి నేల మీద పెట్టి తీసిన ఫోటో వద్దు. చిన్న వాగుల పేర్లు బయటపెట్టవద్దు, పదిమంది ఒక్కసారి వచ్చి పడితే అవి తట్టుకోలేవు.

నదిని చూసే అవకాశం ఒకసారి వచ్చింది. బెంగళూరుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని భీమేశ్వరి దగ్గర కావేరిలో మహసీర్ చేపలకు గాలం వేయవచ్చని ఒక వ్యాసం వచ్చింది. నా గదిలో ఉండే కుర్రాడిది శ్రీకాకుళం తీరం, జాలరి కుటుంబం. ఆదివారం ఇద్దరం బండి మీద కనకపుర, హలగూరు మీదుగా వెళ్లాం. బండరాళ్ల మధ్య కావేరి చప్పుడు వింటూ కాసేపు మాటలు రాలేదు నాకు. అది అభయారణ్యం, గాలం వేయడం ఎప్పుడో ఆగిపోయిందని అక్కడివాళ్లు చెప్పారు. వ్యాసకర్త పాత రాతలు చూసి రాశాడు.

పట్టి వదిలేసే వాళ్లను ఎందుకు ఆపారని తిరుగు దారిలో నేనే అడిగాను. 1972 వన్యప్రాణి చట్టం పట్టుకోవడాన్ని కూడా వేటగానే లెక్కిస్తుందని చదివి ఉన్నాను కానీ, ఆ లెక్క నాకు కొంచెం కఠినంగా తోచేది. కుర్రాడు మాత్రం వెంటనే, "మేము సముద్రానికి వెళ్లడాన్ని వేట అనే అంటాము కదన్నా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం అంటే మా ఇంట్లో పొయ్యి సంగతి. కడుపు కోసం వెళ్లే మేమే 61 రోజులు ఆగుతాము. సరదాకు వచ్చేవాళ్లు అడవిలో ఆగలేరా?" అన్నాడు. ఇన్నేళ్లలో ఈ పని గురించి నేను విన్న మాటల్లో ఇంత సూటిగా ఉన్నది లేదు. వ్యాసాన్ని వెనక్కి పంపుతూ, వెళ్లి చూసిన తేదీ కూడా రాశాను.

సవరించిన వ్యాసం గత వారం మళ్లీ వచ్చింది. గాలం మాట తీసేశారు. ఇప్పుడు అది కావేరి మూపురపు మహసీర్ గురించి. ఆ చేప శాస్త్రీయ నామం టోర్ రేమాదేవీ అని 2018లో తేలింది, అదే ఏడాది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేరింది. ఆ సంగతులు సరిగానే ఉన్నాయి. ఫోటోలో చేప రెక్కలు మాత్రం నీలంగా కనిపిస్తున్నాయి. కావేరిలోకి బయటి నుంచి తెచ్చి వదిలిన నీలిరెక్కల మహసీర్ వేరే జాతి, మూపురపు మహసీర్ రెక్కలు నారింజ రంగు. ఎక్కడ, ఏ సంవత్సరం తీశారని ఫోటో పంపిన మనిషికి రాశాను. గడువు నిన్నటితో ముగిసింది. జవాబు రాలేదు, వ్యాసం ఇంకా నా దగ్గరే ఉంది.