మిర్చికి పోయినోళ్ల పిల్లలు

ఫిబ్రవరి వస్తే మహారాష్ట్రల సిరొంచ తాలూకాలోని మా ఊళ్లె ఇండ్లకు తాళాలు పడతయి. అమ్మానాయినలు గోదావరి దాటి భూపాలపల్లి దిక్కు మిర్చి ఏరబోతరు. పిల్లలు ముసలోళ్ల మీద. నిన్న పక్కింటి అవ్వ మనుమరాలి జ్వరం మందు పట్టుకొచ్చింది. మూతల గీత కనిపిస్తలేదట, ఎంతదాక పొయ్యాలె బిడ్డా అని అడిగింది. సీసా పట్టిన చెయ్యి వణుకుతుంటే నా కడుపుల దేవినట్టయింది.

కన్నోళ్లను తప్పుపట్టను, ఇక్కడ పని దొరికితే ఎవరు పోతరు? కానీ బరువంతా అవ్వదేనా? మా రాష్ట్రంలనే బీడ్ జిల్లా దిక్కు చెరుకు కోతకు పోయేటోళ్ల పిల్లలు బడి మానకుండ సర్కారు హంగామీ వసతిగృహాలు, అంటే ఆ సీజన్ వరకు నడిచే హాస్టళ్లు, పెడతది. మిర్చి కూలీల పిల్లలకూ కావాలె. ఈసారి గ్రామసభల గట్టిగ అడుగుదాం. అప్పటిదాక పొద్దుగూకినంక వాడోళ్లమే ఆ ఇండ్లకు పోయి చూసొద్దాం. పిల్లలకు ఆపదైతే 1098కు ఫోన్ చెయ్యండి, రాత్రయినా ఎత్తుతరు.