జూన్‌కూ జులైకీ తేడా తెలియాలని

కావలిలో ఒక రొయ్యల మేత దుకాణానికి నేను లెక్కలు రాస్తాను. అల్లూరు వైపు నుంచి వచ్చే రైతులకు బాకీ చీటీలు తెలుగులోనే ఇస్తాం. మేము వాడే ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో నెలల పేర్లు కుదిస్తే జూన్‌కూ జులైకీ ఒకటే ‘జూ’ వచ్చేది. ‘5 జూ’ లోపు కట్టమంటే రైతు ఏ నెల అనుకోవాలి?

ఆ సాఫ్ట్‌వేర్ సోర్సు కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన మూల పాఠం) బహిరంగమే కనుక, తెలుగు నెలలున్న ఫైలు తెరిచి రెండు మాటలు మార్చుకున్నాను. ఇందుకు ఎవరినీ అడగనక్కరలేదు, లైసెన్సే ఆ హక్కు ఇస్తుంది. అయితే ఆ దిద్దుబాటు అందరికీ చేరాలంటే అసలు కోడ్‌లో కలవాలి. కలిపే అధికారం కొద్దిమందిదే. ఉదాహరణకు, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్‌లో ఏ విభాగం ఎవరి బాధ్యతో ‘మెయింటెయినర్స్’ అనే ఫైలులో రాసి ఉంటుంది. వాళ్లు పరిశీలించి పంపినవి చివరికి లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ నిర్వహించే ప్రధాన కోడ్‌లో చేరతాయి.

మా ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో నా ప్యాచ్ (పంపిన దిద్దుబాటు) చూసిన నిర్వాహకుడికి తెలుగు రాదు. ఇలాగే రాయాలనడానికి ఆధారమేమిటని అడిగారు. నాకు అది న్యాయమైన ప్రశ్నే అనిపించింది. ఏ భాషలో తేదీలు, నెలల పేర్లు ఎలా రాస్తారో నమోదు చేసే సీఎల్‌డీఆర్ అనే సమాచార నిధిని యూనికోడ్ కన్సార్టియం నిర్వహిస్తుంది. అందులో తెలుగు కుదింపులు ‘జూన్’, ‘జులై’ అనే ఉన్నాయి. అది చూపించాను. ‘ఆగస్టు’ వర్ణక్రమం సవరణను వేరే ప్యాచ్‌గా పంపమన్నారు, ఒక్కో ప్యాచ్‌లో ఒక్కో పనే ఉండాలట. ఇది నా సొంత పనేనని, ప్రాజెక్టు లైసెన్సు కింద ఇస్తున్నానని రాతపూర్వకంగా తెలిపాను. ఆ తర్వాత చాలాకాలం ఉలుకూ పలుకూ లేదు. రెండోసారి మర్యాదగా గుర్తుచేశాకే కదలిక వచ్చింది. చాలామంది నిర్వాహకులు సొంత ఉద్యోగాల తర్వాత మిగిలిన సమయంలో ఈ పని చేస్తారు కనుక ఆ ఆలస్యాన్ని నేను తప్పుపట్టను.

ఇంత అధికారం కొద్దిమంది చేతుల్లో ఉండవచ్చా అని మా దుకాణం యజమాని అడిగారు. ఉండవచ్చనే నా నమ్మకం. ఎందుకంటే కోడ్‌ను తీసుకుని వేరే దారి పట్టే హక్కును వాళ్లు ఎవరి నుంచీ లాక్కోలేరు. 2010లో ఓపెన్‌ఆఫీస్ అనే ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఒరాకిల్ కంపెనీ చేతిలోకి వెళ్లాక, దాని మీద పనిచేస్తున్న చాలామంది అదే కోడ్‌తో విడిపోయి లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు. పాత పేరు మాత్రం వాళ్లతో రాలేదు, అప్పట్లో ట్రేడ్‌మార్క్ ఒరాకిల్‌దే. కోడ్ అందరిదైనా పేరు ఒకరిదే కావడం కూడా ఒక అదుపే, దీని గురించి తక్కువగా మాట్లాడుకుంటాం. అధికారం ఒకరి చేతి నుంచి మారవచ్చు కూడా. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తుది మాట చాలా ఏళ్లు దాని సృష్టికర్త గైడో వాన్ రోసమ్‌దే. 2018లో ఆయన తప్పుకున్నాక, 2019 నుంచి డెవలపర్లు ఎన్నుకునే ఐదుగురి మండలి ఆ బాధ్యత చూస్తోంది.

నా మార్పు కలిసింది. తర్వాతి విడుదల వచ్చాక మా చీటీల మీద ‘5 జులై’ అని స్పష్టంగా పడింది. ఈమధ్య ఇంకెవరో తెలుగు వారాల పేర్లకు సవరణ పంపితే, ఆ నిర్వాహకుడు నన్ను కూడా పరిశీలకుల్లో చేర్చి అభిప్రాయం అడిగారు. నా ఆమోదంతోనే అది కలిసిపోదు, ఆయన మాట కావాలి. అయినా ‘గురు’ సరేనా, ‘గురువారం’ అని పూర్తిగా ఉండాలా అన్న చర్చలో ఇప్పుడు నా మాటకూ లెక్క ఉంది.