నాన్న షుగర్ 58కి పడిపోయింది

షుగర్ పెరుగుతుందనే మా ఇంట్లో అందరికీ టెన్షన్. తగ్గితే ఎలా ఉంటుందో మొన్న మారతహళ్లి ఇంట్లో చూశాం. నాన్న టాబ్లెట్ వేసుకుని, ‘ఆకలి లేదే, భోజనమే చేస్తాలే’ అని టిఫిన్ మానేశారు. పదకొండు కల్లా బనియన్ చెమటతో తడిసి ముద్దయింది, చేతిలో పేపర్ వణుకుతోంది. మీటర్‌లో 58. అమ్మ గబగబా చక్కెర నీళ్లు కలిపి తాగించింది.

తర్వాత డాక్టర్‌గారు చెప్పింది వింటే భలే అనిపించింది. క్లోమంలో, అదే పాంక్రియాస్‌లో, దీవుల్లాంటి కణాల గుంపులుంటాయి. 1869లో లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి వాటిని గుర్తించాడు. తిన్నాక రక్తంలో గ్లూకోజ్ పెరగగానే అందులోని బీటా కణాలు ఇన్సులిన్ వదులుతాయి, ఆ గ్లూకోజ్ కండరాల్లోకి, కొవ్వులోకి వెళ్తుంది. తగ్గితే ఆల్ఫా కణాల వంతు: గ్లూకగాన్ అనే హార్మోన్ వదిలి, కాలేయం దాచుకున్న గ్లూకోజ్‌ని బయటికి తీయిస్తాయి. రాత్రంతా ఏమీ తినకున్నా పొద్దున్నే మామూలుగా లేస్తున్నామంటే అందులో వీటి చలవ చాలా ఉంది. డెల్టా కణాలు సోమాటోస్టాటిన్ అనే ఇంకో హార్మోన్‌తో ఈ రెండింటినీ అదుపు చేస్తాయి.

నాన్న వేసుకునే గ్లిమెపిరైడ్ బీటా కణాలను తట్టి ఇన్సులిన్ వదిలిస్తుంది. కడుపులో ఇడ్లీ పడిందా లేదా అన్నది దానికి అనవసరం! అందుకే ఇప్పుడు అమ్మ రూలు ఒకటే: ప్లేటు ముందుకొచ్చాకే టాబ్లెట్. నాన్న గొణుగుతున్నారు గానీ, టాబ్లెట్ల డబ్బా ఆవిడ చేతిలో ఉంది మరి.