మోరిస్ మైనర్‌కు కొత్త టాపు: గుడ్డ పరిచే ముందు చూడవలసినవి

మా మోరిస్ మైనర్ కన్వర్టిబుల్‌కు, అంటే గుడ్డ టాపు మడిచి తెరవగల పాత బ్రిటిష్ కారుకు, ఈ వేసవిలో తిరుపతిలోనే కొత్త టాపు వేయించాము. పాత కార్ల మీద మక్కువ ఉన్నవారు చాలామంది టాపు అనగానే మొదట గుడ్డ గురించి, దాని రంగు గురించి అడుగుతారు. కానీ టాపు బిగువుగా కూర్చోవడం, వాన నీటిని ఆపడం, పదేళ్లు నిలవడం అన్నీ గుడ్డ పరచక ముందు చేసే పని మీదే ఆధారపడి ఉంటాయన్నది నా దృఢమైన అభిప్రాయం.

ఇంజనీరు అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన ఈ కారు 1948లో లండన్ మోటార్ షోలో మొదటిసారి జనం ముందుకు వచ్చింది. అప్పట్లో టాపు తెరిచే రకాన్ని టూరర్ అనేవారు. వెనక సీటు పక్కన ఊడదీసే తెరలు ఉండేవి. 1951 నుంచి వాటి స్థానంలో కదలని అద్దాలు వచ్చాయి. మాది ఆ తరువాతి కారు కాబట్టి, టాపు అంచు రెండు తలుపుల అద్దాలతోనూ, వెనకనున్న రెండు పక్క అద్దాలతోనూ సరిగ్గా కలవాలి. అందువల్ల తలుపుల అద్దాలు పైకెత్తి, రబ్బర్లు కొత్తవి వేసి, తలుపులు మూసిన తరువాతే కొలతలు తీసుకోవాలి.

అంతకంటే ముందు చూడవలసింది బాడీ. ఈ కారుకు విడిగా ఛాసీ లేదు, బరువంతా బాడీయే మోస్తుంది. పైకప్పు రేకు లేని లోటు తీర్చడానికి కంపెనీవారు ఈ రకానికి అదనపు బలం ఇచ్చారు గాని, తలుపుల కిందనున్న డొల్ల భాగాలు తుప్పు పడితే కారు నడుము కుంగుతుంది. తలుపు వెనక సందు పైన ఇరుకుగానూ, కింద వెడల్పుగానూ కనిపిస్తే ఆ కుంగుబాటు మొదలైనట్టే. అది సరిచేయకుండా టాపు వేయిస్తే, తరువాత ఎప్పుడో వెల్డింగ్ చేయించిన రోజున కొత్త టాపు కొలత తప్పుతుంది.

తిరుమల కొండకు జీపులు తిరిగే ఊరు కావడం వల్ల ఇక్కడ జీపు టాపులు కుట్టిన అనుభవం ఉన్న పనివారు దొరుకుతారు. మాకు దొరికిన మేస్త్రీ మొదటిరోజే, "సామీ, ముందు కమ్ములు చూద్దాం, గుడ్డ యాడికీ పోదు" అన్నారు. ఆ మాటతోనే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. కమ్ములంటే గుడ్డను కింద నుంచి మోసే, మడత పడే చట్రం. వాటి కీళ్లలో రివిట్లు అరిగి వదులైతే, టాపు మూసిన ప్రతిసారీ ఒక్కో కమ్మి ఒక్కో చోట ఆగుతుంది. ఆయన అరిగిన రివిట్లన్నీ మార్చి, రెండు వైపులా ఎత్తు కొలిచి సమం చేశారు. ముందు అద్దం మీద కూర్చునే చెక్క, తరతరాల మేకుల రంధ్రాలతో గుల్లబారింది. దాని స్థానంలో పాత చెక్క వంపునే అచ్చుగా పెట్టుకుని టేకుతో కొత్తది చేయించాము. వంపు రవ్వంత తేడా వచ్చినా వాన నీరు నేరుగా డ్రైవరు ఒళ్లో పడుతుంది.

కమ్ములను వాటి దూరంలో నిలిపి ఉంచేవి నవారు పట్టీలు. పైకి కనిపించవు కాబట్టి వీటిని మార్చకుండా వదిలేసేవారు చాలామంది. నవారు సాగిపోయిన మంచం మీద ఎంత మంచి పరుపు వేసినా నడుమ గుంట పడ్డట్టే, పాత పట్టీల మీద వేసిన కొత్త గుడ్డ కూడా కమ్ముల మధ్య జారుతుంది, అక్కడ నీరు నిలుస్తుంది.

ఇక గుడ్డ. రెగ్జిన్ చవక, తుడవడం తేలిక. కానీ ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే పదార్థం ఎండకు క్రమంగా ఆవిరైపోతుంది కాబట్టి మన రాయలసీమ ఎండల్లో అది త్వరగా బిరుసెక్కి, మడతల దగ్గర పగులుతుంది. పైన ఆక్రిలిక్, నడుమ బ్యూటైల్ రబ్బరు, లోపల నూలు గుడ్డ కలిపిన మూడు పొరల రకాన్ని నేను ఎంచుకున్నాను. ఆక్రిలిక్‌లో దారం తీయక ముందే రంగు కలుపుతారు కాబట్టి అది సులువుగా వెలవదు. బ్రిటన్‌లో ఈ కారుకు కుట్టి సిద్ధంగా ఉంచిన టాపులు ఇప్పటికీ దొరుకుతాయి. అవి కారు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు కొలతలకు సరిపోతాయి. ఇన్ని దశాబ్దాల్లో ఎన్నో మరమ్మతులు చూసిన కారుకు మాత్రం, దాని మీదే కొలిచి కుట్టించడం మేలు. పాత టాపును చింపకుండా విప్పి, కుట్లు ఊడదీసి, అచ్చుగా వాడుకున్నాము.

దారం విషయంలో రాజీ పడకూడదు. గుడ్డ బాగుండగానే కుట్లు విడిపోయిన టాపులు ఎన్నో చూశాను. నూలు దారం తడికి కుళ్లుతుంది, నైలాన్ ఎండకు బలహీనపడుతుంది. వాటికంటే పాలియెస్టర్ ఎక్కువ కాలం ఆగుతుంది. కుట్టు పడిన చోట పై గుడ్డ అంచు వెనకవైపుకు చూసేలా మడిచి, సూది రంధ్రాల మీద మైనం రుద్దించాము.

బిగించే సమయం గురించి ఒక మాట. చలిదేశాల పుస్తకాలు టాపును వెచ్చని గదిలో బిగించమంటాయి. తిరుపతి మే నెలలో కష్టం దానికి సరిగ్గా తలకిందులు. మిట్టమధ్యాహ్నం, ముఖ్యంగా రెగ్జిన్‌ను లాగి బిగిస్తే అది అతిగా సాగుతుంది. చల్లబడ్డాక బిగుసుకుపోయి ముందు కొక్కేలు అందవు. అందుకే పొద్దున్నే పని పెట్టుకున్నాము. కారు నడిమి గీతను సుద్దతో గుర్తించి, వెనక మధ్య నుంచి రెండు పక్కలకూ పిన్నులు కొట్టుకుంటూ వెళ్లి, తరువాత ముందు చెక్కకు లాగారు. ఆ సమయంలో ముందు చెక్క కింద సన్నని బద్దలు పెట్టి కొద్దిగా ఎత్తి ఉంచారు. పిన్నులు కొట్టాక బద్దలు తీసి కొక్కేలు వేస్తే గుడ్డ తనంతట తానే బిగుస్తుంది. మామూలు పిన్నులు తుప్పు పట్టి గుడ్డ మీద మరక దింపుతాయి కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలువే వాడమన్నాను. మిగిలిన అంచును వెంటనే కత్తిరించనివ్వలేదు. కొన్నాళ్లు టాపు మూసే ఉంచి, గుడ్డ కుదురుకున్నాకే కత్తిరించి బీడింగ్ వేశారు.

పైపుతో నీళ్లు కొట్టి చూస్తే ఎడమవైపు, తలుపు అద్దం వెనక అద్దాన్ని కలిసే మూలలో మాత్రం కొద్దిగా చెమ్మ కనిపించింది. అది గుడ్డ లోపం కాదు, అక్కడి రబ్బరు మందం చాలలేదు. మందపు రబ్బరు వేయించాక ఆగింది. వెనకనున్న ప్లాస్టిక్ కిటికీ మీది దుమ్మును పొడి గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి కాబట్టి ముందు నీళ్లు పోసి కడుగుతున్నాము. మన ప్రాంతంలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి, ఆ నెలల్లో తడిసిన టాపు పూర్తిగా ఆరేదాకా మడవకూడదని ఇంట్లో కారు నడిపే అందరికీ చెప్పి ఉంచాను. తడిగా మడిస్తే లోపలి నూలు పొరకు బూజు పడుతుంది, ఆ మరక మళ్లీ పోదు.