ఒకే పైపులోకి రెండు పంపులు

కొన్నేళ్ల క్రితం ఒక చిన్న పట్టణంలోని మురుగునీటిని పంపులతో పైకి తోసే లిఫ్ట్ స్టేషన్‌కు వెళ్లినప్పుడు అక్కడి ఆపరేటర్ నన్ను ఆపి, "రెండో మోటారు తిరుగుతూనే ఉంది సార్, సంపులో మట్టం మాత్రం దిగడం లేదు. మోటారు పోయిందంటారా?" అని అడిగారు. కరెంటు ఆదా కోసం ఆ రెండో పంపును వీఎఫ్‌డీ (కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చి మోటారు వేగాన్ని మార్చే పరికరం) మీద 40 హెర్ట్జ్ దగ్గర నడుపుతున్నారు. నీరు వెనక్కి రాకుండా ఆపే దాని నాన్ రిటర్న్ వాల్వ్ లివర్ మీద చేయి పెట్టి చూస్తే సన్నని వణుకు తప్ప కదలిక లేదు. మోటారులో లోపమేమీ లేదు. వాల్వ్ తెరుచుకోవడమే లేదు.

ఆ స్టేషన్ లెక్కలకు బదులు సులువైన ఉదాహరణ ఒకటి తీసుకుంటాను. 300 మిల్లీమీటర్ల వ్యాసం, 2 కిలోమీటర్ల పొడవు గల పైపు, 12 మీటర్ల స్టాటిక్ హెడ్ (నీటిని ఎత్తాల్సిన ఎత్తు; హెడ్ అంటే నీటి ఎత్తుగా మీటర్లలో చెప్పే ఒత్తిడి), హేజెన్–విలియమ్స్ గుణకం (పైపు లోపలి నునుపును చెప్పే అంకె) 120 అనుకుందాం. సెకనుకు 60 లీటర్లు పోయేటప్పుడు ఘర్షణకు ఖర్చయ్యే హెడ్ సుమారు 5.8 మీటర్లు; అదే 120 లీటర్లు పంపాలంటే దాదాపు 21 మీటర్లు కావాలి, ఎందుకంటే ఘర్షణ ప్రవాహం యొక్క 1.85వ ఘాతంతో పెరుగుతుంది. షటాఫ్ హెడ్ (ప్రవాహమే లేనప్పుడు పంపు ఇచ్చే హెడ్) 30 మీటర్లు ఉండి, 60 లీటర్ల వద్ద 21 మీటర్లు ఇచ్చే పంపును ఈ పైపుకు బిగిస్తే, ఒంటరిగా నడిచినప్పుడు అది 66 లీటర్లు తోస్తుంది. అలాంటివి రెండు కలిసి నడిస్తే వచ్చేది 132 లీటర్లు కాదు, 92 మాత్రమే. అంటే ఒక్కొక్కటి 46కు పడిపోతుంది.

ఇక 40 హెర్ట్జ్ సంగతి. 50 నుంచి 40కి తగ్గిస్తే వేగం 80 శాతమవుతుంది, హెడ్ వేగం వర్గంతో తగ్గుతుంది కనుక 30 మీటర్ల షటాఫ్ హెడ్ 19.2కు దిగుతుంది. పూర్తి వేగంతో నడుస్తున్న మొదటి పంపు ఒక్కటే హెడర్‌లో (రెండు పంపులూ కలిసే పైపులో) 19 మీటర్ల హెడ్ నిలబెడుతుంది. ఆ జానెడు తేడాతో రెండో పంపు ఏం తోయగలదు? కేసింగ్‌లోని నీటినే చిలుకుతూ, వేడెక్కుతూ, సీళ్లు పాడుచేసుకుంటుంది. కనీస ఫ్రీక్వెన్సీని 46కు పెంచాక ఆ స్టేషన్‌లో లివర్ లేచింది, మట్టం కూడా దిగడం మొదలైంది.

ఒకే స్టేషన్‌లోని పంపులైతే ఈ తంటా పక్కపక్కనే కనబడుతుంది. వేర్వేరు స్టేషన్లు ఒకే ప్రెషర్ పైపులోకి తోసేటప్పుడు ఎవరి వల్ల ఎవరు ఆగిపోయారో అక్కడి ఆపరేటర్‌కు తెలిసే వీలే ఉండదు. అమెరికాలోని వర్జీనియా తీరాన, నేల చదునుగా ఉండే హ్యాంప్టన్ రోడ్స్ ప్రాంతంలో, 1940లో ఏర్పడిన పారిశుద్ధ్య సంస్థ (శానిటేషన్ డిస్ట్రిక్ట్) మురుగునీటిని చాలావరకు ఇలాంటి ఉమ్మడి ప్రెషర్ పైపుల్లోనే నడిపిస్తుంది. ఇలాంటి వ్యవస్థలో వాన పడితే అన్ని స్టేషన్లూ ఒకేసారి ఆన్ అవుతాయి, పైపులో ఒత్తిడి పెరుగుతుంది, తక్కువ హెడ్ పంపు ఉన్న స్టేషన్‌కు సరిగ్గా అవసరమైన వేళలోనే దారి మూసుకుపోతుంది.

అలాగని పైపును పెద్దది చేసేస్తే సరిపోదు. పొడి రోజుల్లో ఒక్క పంపే నడిచినప్పుడు వేగం సెకనుకు 0.6 మీటర్ల కంటే తగ్గితే ఇసుక అడుగున పేరుకుంటుంది, నిలిచిన మురుగులో హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. నా ఉద్దేశంలో డిజైనర్లు ఎక్కువగా మరచిపోయేది పైపు వయసును. ఏ ప్రవాహానికి పైపుకు ఎంత హెడ్ కావాలో గుణకం 120 దగ్గర ఒకే ఒక్క గీత గీసి పంపు కొనేస్తారు. కొత్త పైపులో గుణకం 140 ఉండగా ఒంటరిగా నడిచే పెద్ద పంపు తన కర్వ్ (ప్రవాహానికీ హెడ్‌కూ సంబంధం చూపే గీత) కుడి చివరకు జారి కేవిటేషన్‌కు (నీటిలో ఆవిరి బుడగలు పుట్టి పగిలి పంపును దెబ్బతీయడానికి) గురవుతుందేమో ఒకసారి, పైపు పాతబడి 100కు దిగాక అన్నీ కలిసి నడుస్తుంటే చిట్టచివరి చిన్న స్టేషన్ వాల్వ్ తెరుచుకుంటుందో లేదో మరొకసారి విడిగా లెక్క వేసి చూడనిదే నేను పంపు డేటా షీట్ మీద సంతకం పెట్టను.