చేతి మీద వాలని పిట్టలను మచ్చిక చేసుకున్నాను

“డబ్బులు పోసి కొన్నావు, చేతి మీద కూడా వాలవా?” అని మా అత్తయ్య ఇప్పటికీ అడుగుతుంటారు. వాలవు. నేను పెంచుకునే జీబ్రా ఫించ్‌లనే ఈ చిన్న పిట్టలు లవ్ బర్డ్స్‌లా వేలెక్కి కూర్చునే రకం కాదు. గూట్లో ఉన్నప్పటి నుంచే చేత్తో తినిపించి పెంచితే తప్ప, మనం పట్టుకుంటే గద్ద పట్టుకున్నట్టే హడలిపోతాయి. అందుకే నేను చిన్న కోరికే పెట్టుకున్నాను: నా చెయ్యి పంజరంలోకి వెళ్లినా అవి మేత మానకూడదు. అంతే.

జంటను హైదరాబాద్ పాతబస్తీలో పిట్టలమ్మే ముర్గీ చౌక్‌లో తీసుకున్నాను. మగదానికి బుగ్గల మీద నారింజ మచ్చలు, ఎర్రటి ముక్కు. ఆడది బూడిద రంగు. పాడేది మగదే. పిట్టలు అమ్మే చోట పచ్చ, గులాబీ రంగులు అద్దినవి కనిపిస్తే మాత్రం జోలికి వెళ్లకండి. అవి చాలావరకు మన పొలాల్లో పట్టిన మునియాలనే అడవి పిట్టలు. వాటిని పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. జీబ్రా ఫించ్‌లు ఆస్ట్రేలియా జాతి, మన దగ్గర పంజరాల్లోనే పుట్టి పెరుగుతున్నాయి.

పంజరం ఎత్తు కన్నా పొడవు ఎక్కువుండాలి, ఇవి అడ్డంగా ఎగురుతాయి కాబట్టి. హాల్లో గోడకు ఆనించి, మన కళ్లంత ఎత్తులో పెట్టాను. వంటింటి దగ్గర వద్దు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగకే పిట్టలు చచ్చిపోతాయి. షాపువాళ్లు గుడ్లకని ఇచ్చే చిన్న కుండను కూడా మొదట తీసేశాను. అది ఉంటే అందులో దూరి దాక్కుంటాయి, లేదా గుడ్లు పెట్టి ఇంకా బెదురుతాయి.

మచ్చిక చేయడానికి పస్తు పెట్టమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. పది పదిహేను గ్రాముల ప్రాణిని పస్తు పెట్టడమేమిటి? పగలు కొన్ని గంటలు గింజ లేకపోతేనే నీరసించిపోతుంది. మామూలు మేత గిన్నెలో ఎప్పుడూ ఉంచి, కొర్ర కంకి మాత్రం నా చేతి నుంచే ఇచ్చాను. కర్నూలు వైపు మా వాళ్ల పొలం నుంచి కంకులు వస్తాయి. విడి కొర్రలు ఎన్ని పోసినా కంకి మీదున్న మోజు వేరు.

మొదట పంజరం పక్కన కూర్చుని పేపర్ చదివేదాన్ని, వాటి కళ్లలోకి చూడకుండా. తర్వాత కంకి ఒక కొస ఊచల్లోంచి లోపలికి, రెండో కొస నా చేతిలో. ఈకలు ఒంటికి అతుక్కుపోయి సన్నగా కనిపిస్తున్నాయంటే భయంతో ఉన్నట్టు, అప్పుడు చెయ్యి కదపకూడదు. ఒళ్లు వదులు చేసి ముక్కుతో ఈకలు సవరించుకుంటుంటే ధైర్యం వచ్చినట్టు. చివరికి మగది మెడ చాచి, ఒక్క గింజ లాక్కుని వెనక్కి గెంతి, అక్కడే ఒలుచుకుంది. ఆ పొట్టు గాలికి వచ్చి నా మణికట్టు మీద పడింది! ఆడదానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

గాజుల సంగతి ఎవరూ చెప్పలేదు. చప్పుడుకు రెండూ ఊచలకేసి కొట్టుకునేవి. తీసేసి ఉత్త చేత్తో అలవాటు చేశాక, ఒక్కో గాజూ మళ్లీ వేసుకుంటూ వచ్చాను. ఇప్పుడు చేతినిండా గాజులతో ట్రే కడిగినా పట్టించుకోవు.

గదిలో వదిలేటప్పుడు టెన్షనంతా సీలింగ్ ఫ్యాన్‌తోనే. ఎవరైనా అలవాటుగా స్విచ్ నొక్కేస్తారని దాని మీద టేపు అతికిస్తాను. అద్దానికి దుప్పటి, కిటికీలకు కర్టెన్లు. బయట ఎక్కడా గింజ ఉంచను, కంకి పంజరంలోనే కడతాను. ఎగిరి ఎగిరి వాటంతటవే లోపలికి వెళ్తాయి. తువ్వాలు పట్టుకుని వెంటపడితే ఇన్నాళ్ల మచ్చికా ఒక్క పూటలో పోతుంది.

మా ఆయన చెయ్యి పెడితే మాత్రం మళ్లీ మొదటికే. ఊరెళ్తే ఎలా అని, ఈ మధ్య సాయంత్రం నీళ్లు మార్చే పని ఆయనకు అప్పగించి, నేను పక్కన నిలబడుతున్నాను.