పదిహేడు మాస్టారు

మన 1990-91 పదో తరగతి సంచికకు ఒక పేజీ రాసి ఇమ్మని కమిటీ వారు మూడుసార్లు ఫోను చేశారు. కుంకుడు చెట్టు సంగతీ బడి గంట కొట్టే గంట బాబాయి సైకిలు సంగతీ మీరంతా ఎలాగూ రాస్తారు కనుక, నేను పదిహేడు మాస్టారి గురించి మాత్రమే రాస్తాను.

కులాలవారీగా విద్యార్థుల లెక్క పైకి పంపవలసి వచ్చినప్పుడు తరగతిలో పిల్లలను నిలబెట్టి తలలు లెక్కపెట్టడం అప్పటి ఆనవాయితీ. ఎనిమిదో తరగతిలో, సెప్టెంబరు నెలాఖరున, “ఎస్సీలు లేవండి” అనగానే లేచిన ఏడుగురిలో నేనొకదాన్ని. అనుమానం వచ్చి మమ్మల్ని రెండోసారి కూడా లెక్కపెట్టారు. అంతవరకు చింతకాయ కొరికి సగం నా చేతిలో పెట్టిన నా బెంచీ నేస్తం, మరునాటి నుంచి నా వాటా బెంచీ మీద పెట్టడం మొదలుపెట్టింది. (ఆమె అనుమతితోనే రాస్తున్నాను. నిరుడు మా అమ్మాయి పెళ్లిలో కొంగు బిగించి వడ్డించింది ఆమే.)

తొమ్మిదో తరగతి నాకు దాదాపు గుర్తు లేదు. పదిలో ఈ మాస్టారు సోషల్ చెప్పడానికి వచ్చారు. అస్పృశ్యతను రద్దు చేసిన రాజ్యాంగ అధికరణం ఎన్నోదని హాజరు వేసేముందు, పరీక్ష పేపర్లు పంచుతూ, చివరికి వాలీబాల్ సర్వీసు చేయబోతూ కూడా అడిగేవారు కనుక పదిహేడు మాస్టారు అన్న పేరు ఆయనకు స్థిరపడిపోయింది. అయితే నేను చెప్పదలచుకున్నది ఆ ప్రశ్న గురించి కాదు. మళ్లీ సెప్టెంబరు వచ్చింది, లెక్క అడిగారని తెలిసింది, మేము ఏడుగురమూ లేవడానికి సిద్ధపడి కూర్చున్నాము. ఆయన పాఠం చెప్పి వెళ్లిపోయారు. బడిలో చేర్చుకున్న రోజునే ప్రతి పిల్లవాడి కులమూ అడ్మిషన్ రిజిస్టరులో రాసి ఉంటుందనీ, సాయంత్రం ఆఫీసు గదిలో కూర్చుని ఆయన అందులో చూసి లెక్క కట్టారనీ తరువాత గంట బాబాయి చెప్పాడు. అంటే అంతకుముందు మమ్మల్ని నిలబెట్టవలసిన అవసరమే లేదన్నమాట! అది విన్నప్పుడు నాకు సంతోషం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

గది ఊడ్చే పనిని ఆడపిల్లల నుంచి తప్పించి రోల్ నంబర్ల వరుసకు మార్చింది కూడా ఆయనే. మగపిల్లల్లో మొదటి చీపురు ఎవరి చేతికి వచ్చిందో రాయను. ఈ సంచిక డబ్బు ఆ చీపురు పట్టినాయన దగ్గరే ఉంది.

నేను ఇప్పుడొక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిని. లెక్కలన్నీ బడుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో ఆన్‌లైన్‌కు ఎక్కుతున్నాయి. అయినా ఒకనాడు ఏదో వివరం సరిపోక, ఒక కొత్త ఉపాధ్యాయుడు ఫోను చేతపట్టుకుని పిల్లలను లేవమనడం వరండాలో వెళుతూ విన్నాను. ఆయనను బయటికి పిలిచి అడ్మిషన్ రిజిస్టరు చేతికిచ్చాను. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టంలో శారీరక దండనతో పాటు మానసిక వేధింపును నిషేధించిన సెక్షను కూడా చూపించాను. దాని సంఖ్య కూడా 17 అని చెబుతుంటే నాకు నవ్వు ఆగలేదు. ఎందుకో ఆయనకు అర్థం కాలేదు.

మన పూర్వ విద్యార్థుల సమావేశానికి మాస్టారిని తీసుకువస్తామని కమిటీ వారు అంటున్నారు. వేదిక ఎక్కగానే ఆయన ఏమడుగుతారో మీకు తెలుసు. రోల్ నంబర్ల వరుసలోనే అడుగుతారు కనుక, మొదటి నంబర్ల వారు సిద్ధపడి రాగలరు.